మిద్దె మీద లేబుల్, బ్యాండ్‌క్యాంప్‌లో అంగడి: ఐదున్నరేళ్ల వాడకం తర్వాత

సంగీతం చేసేవాళ్లు తమ ఆల్బమ్‌లను నేరుగా వినేవాళ్లకే అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్. అది ఎలా ఉంది, మేమూ అందులో అంగడి పెట్టుకోవచ్చా అని ఈ మధ్య ముగ్గురు అడిగారు. ముగ్గురికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నా. ముక్కుసూటిగా చెప్పాలంటే అంగడిగా దానికి వంక పెట్టలేం, కానీ అంగడి తెరిచినంత మాత్రాన ఊరు కదిలొస్తుందనుకుంటే మాలాగే రెండేళ్లు ఈగలు తోలుకుంటారు.

2020 జూలైలో, లాక్‌డౌన్ రోజుల్లో, తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా మిద్దె మీది రేకుల గదిలో ముగ్గురం కలిసి ఒక లేబుల్, అంటే ఆల్బమ్‌లు విడుదల చేసే చిన్న సంస్థ, మొదలుపెట్టాం. లేబుల్ పేరు రాయను, రాస్తే ఇది ప్రకటన అయిపోతుంది. ఇప్పటికి 11 విడుదలలు. అన్నీ యాంబియంట్, డ్రోన్, బయట రికార్డు చేసుకొచ్చిన శబ్దాలతో అల్లినవి. తెలియనివాళ్లకు చెప్పాలంటే, తంబుర శ్రుతి ఒక్కటే అరగంట మోగుతా లోపల్లోపల రంగు మారుతూ పోతే ఎలా ఉంటుందో అలాంటిది, కాకపోతే సింథసైజరుతో, ల్యాప్‌టాప్‌తో చేస్తాం. మొదటి ఆల్బమ్ మిక్స్ చేసుకుంటా ఉంటే కింద వాటాలో ఉండే అత్త మెట్లెక్కి వచ్చి "మోటరు ఆపడం మర్చిపోయినారా ఏమి, ట్యాంకు నిండి పొర్లిపోతాంటుంది చూడండబ్బా" అంది. మాకొచ్చిన మొదటి సమీక్ష అదే. నిజానికి ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావాటికన్నా అదే నయం, ఆమె కనీసం విన్నది.

బ్యాండ్‌క్యాంప్ 2008 నుంచి ఉంది. మేం దాన్నే ఎంచుకోడానికి కారణం పొడవు. నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటే ఒక ప్లే లెక్క, పాట 31 సెకన్లున్నా 38 నిమిషాలున్నా అదే ఒక్క లెక్క. పైగా 2024 నుంచి ఒక ట్రాకు ఏడాదిలో 1000 ప్లేలు దాటితేనే పైసలు. మాలాంటి వాళ్ల ట్రాకు వెయ్యి దాటడమంటే బ్రహ్మోత్సవాల్లో అలిపిరి దగ్గర ఖాళీ ఆటో దొరకడమే. ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో నాదస్వరం నేర్చుకున్న కుర్రాడు ఒకడు మాతో ఉన్నాడు, నాదస్వరాన్ని డిలే పెడల్ (ధ్వనిని కాస్త ఆగి మళ్లీ మళ్లీ వినిపించే పెట్టె) గుండా పంపించి ఒకే స్వరం మీద 38 నిమిషాలు వాయించాడు. దాన్ని ముక్కలు కోసి పన్నెండు ట్రాకులు చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. పన్నెండు ప్లేలొస్తాయంట. బ్యాండ్‌క్యాంప్‌లో ఆ అవసరం లేదు, మొత్తం ఒకే ట్రాకుగా పెట్టి ధర మనమే వేసుకోవచ్చు, కొనేముందు అందరూ పూర్తిగా వినొచ్చు. ఒక్క చిక్కు: కొత్త ఖాతాకు ట్రాకుకు 291 ఎంబీ హద్దుంటుంది, ఎంపీ3 ఎక్కించనివ్వదు. మా వాడి వేవ్ ఫైలు 650 ఎంబీ దాటింది. నాణ్యత తగ్గకుండా ఫైలును కుదించే ఫ్లాక్‌లోకి మారిస్తే హద్దులోకి వచ్చింది, నిమ్మళంగా సాగే సంగీతం బాగా కుదించుకుంటుంది కాబట్టి.

ఇక డబ్బులు. డిజిటల్ అమ్మకంలో 15 శాతం వాళ్లకు, క్యాసెట్లు, టీషర్టుల్లాంటి వస్తువులైతే 10 శాతం. చెల్లింపు ఖర్చులన్నీ పోగా సగటున 82 శాతం కళాకారుడికి చేరుతుందని వాళ్లు చెప్తారు. కానీ ధర తగ్గేకొద్దీ ఆ లెక్క మనవైపు నుంచి జారిపోతుంది, ఎందుకంటే చెల్లింపు రుసుములో కొంత భాగం స్థిరంగా ఉంటుంది. డాలరుకు అమ్మితే చేతికొచ్చేది చూసి నవ్వొస్తుంది. అందుకే ఇప్పుడు 5 డాలర్ల కింద ఏదీ పెట్టం, లేదంటే పూర్తిగా మీ ఇష్టం అని వదిలేస్తాం. విచిత్రమేమంటే అలా వదిలేసినప్పుడే కొందరు ఎక్కువ ఇచ్చారు. వాటా తీసుకునే తీరు మొదట్లో మమ్మల్ని హడలగొట్టింది: ప్రతి అమ్మకంలో కాస్త కాస్త కోసుకోకుండా, మనం ఇవ్వాల్సింది పోగయ్యాక ఒక అమ్మకాన్ని మొత్తంగా తీసేసుకుంటుంది. డబ్బులొచ్చాయని ఈమెయిలు వచ్చింది, ఖాతాలో మాత్రం సున్నా. రాత్రంతా టెన్షన్, పొద్దున లెక్క చూసుకుంటే సరిగ్గానే ఉంది.

అసలు తమాషా మన దేశంలో. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ మన దేశం లోపలి చెల్లింపులు నిలిపేసింది, బయటి దేశాల నుంచి రావడం మాత్రం ఉంది. మా అంగడి డబ్బులొచ్చే దారి పేపాలే. దాంతో తిరుపతిలో చేసిన ఆల్బమ్‌ని జర్మనీ ఆయన రెండు నిమిషాల్లో కొంటాడు, చిత్తూరులో ఉన్న మా బావ కొనలేడు. వాడు మూడు కార్డులు మార్చి చూసి, ఫోన్ చేసి తిట్టాడు. చివరికి మేం కనిపెట్టిన దారి ఇదీ: మనవాళ్లు యూపీఐలో పంపిస్తారు, మేం ఆల్బమ్ దించుకునే డౌన్‌లోడ్ కోడ్ వాట్సాప్‌లో పంపిస్తాం. ఆ కోడ్లు నెలకు 200 దాకా ఉచితం, మాకు ఎప్పుడూ 20 దాటలేదు. ఇలా అమ్మితే వాటా, రుసుము ఏమీ పోదు, నిజమే, కానీ ప్రతిదానికీ మనిషి కూర్చోవాలి. ఒకసారి రేణిగుంట నుంచి ఒకాయన రాత్రి పదకొండుకు 150 పంపించి కోడ్ కోసం పావుగంటకోసారి గుర్తు చేస్తా ఉన్నాడు. నేను పెళ్లిలో ఉన్నాను సామీ!

ప్రచారం సంగతికొస్తా, అడిగినవాళ్లు అసలు అడిగింది దీని గురించే. మొదటి రెండేళ్లు మేం చేసిందల్లా ఆల్బమ్ ఎక్కించడం, వెతికేవాళ్లకు దొరికేలా ట్యాగులు (సంగీతం రకం, ఊరు చెప్పే గుర్తుమాటలు) పెట్టడం, ఎదురుచూడటం. ఊరి ట్యాగు ఒకటి ఉంటుంది. తిరుపతి అని నొక్కితే ఎక్కడ చూసినా మేమే మేము, అది చూసుకుని మురిసిపోయాం కూడా. ఆ ట్యాగు నొక్కేవాళ్లు లోకంలో మేం ముగ్గురమే అని తర్వాత తెలిసింది. యాంబియంట్, డ్రోన్ లాంటి పెద్ద ట్యాగుల్లో రోజూ వచ్చిపడే సరుకులో మనది పొద్దున పెడితే సాయంత్రానికి అడుగున ఉంటుంది. విదేశాల్లో ఈ సంగీతం గురించి రాసేవాళ్లకు, రేడియోల్లో వేసేవాళ్లకు ఒకే ఉత్తరం కాపీ చేసి 200 మందికి పంపించాం, ఒక్క జవాబు లేదు. అది మా తప్పే. ఇప్పుడు అదే ఉత్తరం నాకెవరైనా పంపిస్తే నేనూ చదవను.

దారి మార్చాక కాస్త ఫలితం కనిపించింది. ఒక విడుదలకు ఎనిమిది పది మందికే రాస్తాం, వాళ్లు ఇంతకుముందు వేసిన కార్యక్రమం నిజంగా విని, అందులో ఏది నచ్చిందో చెప్పి, మాది ఎక్కడ నుంచి వచ్చిందో రెండు ముక్కల్లో. "శేషాచలం అడవి అంచున, తలకోన దారిలో, వాన వెలిశాక రాత్రి కీచురాళ్లు" అని రాస్తే తెరిచి వింటారు, "లోతైన ధ్వని అనుభూతి" అని రాస్తే తెరవరు. ఆల్బమ్ పేజీలో వివరాలు తెలుగులో, కింద ఇంగ్లిష్‌లో పెట్టడం మొదలుపెట్టాం. తెలుగు లిపి చూసి కొన్నానని జపాన్ నుంచి ఒకావిడ రాసింది, ఎందుకు కొన్నదో ఇప్పటికీ అర్థం కాలేదుగానీ ఆ తర్వాత నాలుగు ఆల్బమ్‌లు తీసుకుంది.

బ్యాండ్‌క్యాంప్‌లో నాకు అన్నిటికన్నా విలువైంది కూడా ఇక్కడే ఉంది: కొన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఈమెయిలు మనకిస్తుంది. స్ట్రీమింగులో ఎంతమంది విన్నారో అంకె కనిపిస్తుంది, మనిషి కనిపించడు. మా జాబితాలో 140 మంది ఉన్నారు. ఆ 140 మందిలో కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ 15, 20 మంది కొంటారు. ఇదే మా మార్కెట్ మొత్తం, దాచుకునేదేమీ లేదు.

బ్యాండ్‌క్యాంప్ శుక్రవారం గురించి అందరూ గొప్పగా చెప్తారు. 2020 మార్చి 20న, కరోనా మొదట్లో, ఆ ఒక్కరోజు తమ వాటా వదులుకుంటామని మొదలుపెట్టారు, తర్వాత కొనసాగించారు. మంచి పనే. అమెరికా పడమటి తీరపు అర్ధరాత్రికి మొదలవుతుంది కాబట్టి మనకు ఎండాకాలంలో శుక్రవారం మధ్యాహ్నం 12.30కి, చలికాలంలో 1.30కి. కానీ నా అనుభవంలో చిన్న లేబుల్ కొత్త ఆల్బమ్‌ను ఆ రోజు విడుదల చేయడం తెలివితక్కువ. లోకంలో ఉన్న లేబుళ్లన్నీ ఆ రోజే ఉత్తరాలు పంపిస్తాయి, మనది ఎక్కడో అడుగున పడిపోతుంది. మేం మంగళవారం విడుదల చేసి, శుక్రవారం పాతవాటి గురించి ఒక చిన్న మాట మాత్రం రాస్తాం. రెండుసార్లు అటూ ఇటూ చేసి చూశాం, మంగళవారమే మేలు.

ఇంకో సంగతి, ఈ సంగీతం లింకు పంపిస్తే అమ్ముడుపోదు, కూర్చోబెట్టి వినిపించాలి. మొదటిసారి మిద్దె మీద చాపలు పరిచి, దీపాలు తీసేసి, రెండు స్పీకర్లు పెట్టి 14 మందిని పిలిచాం. దూరంగా రైలు కూత, పక్కింట్లో కుక్కరు విజిల్, అన్నీ అందులో కలిసిపోయాయి. ఒకాయన దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాస్తాడు. తోతాపురి సీజన్లో రాత్రిళ్లు లారీల రొద మధ్య లెక్క తప్పకుండా ఉండటానికి మా నాదస్వరం ట్రాకు హెడ్‌ఫోన్‌లో పెట్టుకుంటానని చెప్పాడు. ఆ ట్రాకుని అలా వాడొచ్చని మాకే తోచలేదు. ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు మిద్దె మీద కూర్చుంటున్నాం, కోడ్లలో సగం ఆ రాత్రులే పోతాయి.

ఇదంతా ఫారిన్ గోల, మనది కాదు అనేవాళ్లు ఆ కూర్చోవడాల్లో తప్పకుండా ఒకరుంటారు. వాళ్లకు నేను అహ్మదాబాద్ సంగతి చెప్తాను. 1969లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరుతో స్టూడియో పెట్టించాడు, సంగీతకారిణి గీతా సారాభాయ్‌తో సహా మనవాళ్లు 1972 దాకా దాని మీద పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాలు అరలో పడుండి 2023లో గానీ రికార్డుగా బయటికి రాలేదు. అన్నమయ్య రాగి రేకులు కొండమీద అరలో ఎన్నాళ్లున్నాయో తెలిసిన ఊరివాళ్లకు ఇది వేరే చెప్పాలా. చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, చేరవేసేవాళ్లే లేరు. లేబుల్ చేయాల్సిన పని అదీ, వెబ్‌సైటు దానికి సాయం పడుతుంది, అంతే.

క్యాసెట్ల ముచ్చట కొంచెం. గాంధీ రోడ్డు వెనక సందులో ఒకప్పుడు భక్తి క్యాసెట్లు అమ్మిన కొట్టులో ఖాళీ సీ-60లు, అంటే గంట నిడివి క్యాసెట్లు, 50 దొరికాయి, ఎగిరి గంతేశాం. ఒక్కోటి ఇంట్లోనే డబుల్ డెక్‌లో ఎక్కించాం, అరగంటకు ఒక వైపు. పాత సరుకు కదా, మే ఎండలకు రేకుల గదిలో లోపలి చిన్న స్పాంజి మెత్త జిగురు వదిలి 18 క్యాసెట్లలో ఊడిపోయింది. ఆ మెత్త లేకపోతే టేపు హెడ్‌కి ఆనదు, ధ్వని గుసగుసలాడుతుంది. కొన్నవాళ్లలో ఒకాయన అదే మా ప్రయోగమనుకుని మెచ్చుకున్నాడు, మేం సరిదిద్దలేదు. పంపడానికి తపాలా ఖర్చు క్యాసెట్ ధరను మించుతుంది. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపు ఎత్తేయడంతో మన తపాలా శాఖ ఆ నెల 25 నుంచి అక్కడికి పంపడం ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. కట్టిపెట్టిన మూడు పొట్లాలు ఆ యాభై రోజులూ బీరువా మీదే. కొన్నవాళ్లకు ముందే ఉత్తరం రాసి డబ్బు వెనక్కిస్తామన్నాం, ముగ్గురూ వద్దన్నారు.

చేదు అనుభవం ఒకటుంది, అది బ్యాండ్‌క్యాంప్‌తో కాదు. ఆల్బమ్‌లను మిగతా అన్నిచోట్లకూ చేరవేస్తామనే కంపెనీ ఒకదానికి ఏడాది చందా కట్టాం, పేరెందుకులే. కపిలతీర్థం దగ్గర వానలో రికార్డు చేసిన ట్రాకులో, వెనక టీ అంగడి మైకులో ఎవరిదో పాట సన్నగా వినిపిస్తుంది. యంత్రం దాన్ని పట్టేసి, ట్రాకు మీది కాదని తీసేసింది. మనిషితో మాట్లాడదామని ఆరు ఉత్తరాలు రాస్తే ఆరింటికీ అదే ముందే రాసిపెట్టిన జవాబు. తప్పు మా వైపూ ఉంది, పాట హక్కు పాటవాళ్లదే, ఆ నాలుగు నిమిషాలు కోసేయాల్సింది. కోసి మళ్లీ పంపించేలోపు చందా గడువైపోయింది, ఆల్బమ్‌లన్నీ మాయం. తిరుపతిలో మైకు వినపడని చోట రికార్డు చేయాలంటే తెల్లవారుజామున రెండున్నరకు లేవాలి, ఇప్పుడు అదే చేస్తున్నాం.

ఒక భయం మాత్రం పోలేదు. 2022 మార్చిలో బ్యాండ్‌క్యాంప్‌ను వీడియో గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొన్నది, రెండేళ్లు తిరక్కుండానే 2023లో సంగీతం లైసెన్సుల కంపెనీ సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది, దాదాపు సగం మంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. వాడేవాళ్లకు పెద్దగా తేడా తెలియలేదు, మా అమ్మకాలూ అలాగే ఉన్నాయి. కానీ అద్దె కొంప అద్దె కొంపే. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున ఈమెయిళ్ల జాబితా దించి పెట్టుకుంటున్నా, మాస్టర్ ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి మా ఇంట్లో, ఒకటి చిత్తూరులో బావ దగ్గర.

నెలకు ఎంత సంపాదిస్తారు అని అడిగినవాళ్లకు: ఐదున్నరేళ్లలో ఒక సెకండ్ హ్యాండ్ రికార్డరు, రెండు మైకులు, క్యాసెట్ డెక్ రిపేరు ఈ డబ్బుతోనే జరిగాయి, కరెంటు బిల్లు ఇంకా మా నాయనే కడుతున్నాడు. పన్నెండో విడుదల మార్చిలో, గాదంకి దగ్గర పొలాల్లో రాత్రి రికార్డు చేసింది. తిరుపతి, చిత్తూరు వాళ్లు కార్డులతో కుస్తీ పట్టొద్దు, పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే మిద్దె మీదే ఎక్కించి ఇస్తాం. మెట్లెక్కేటప్పుడు మోటరు చప్పుడు వినిపిస్తే మాత్రం అత్తకు చెప్పండి, అది నిజంగా మోటరే అయ్యుండొచ్చు.