దొడ్డిదారి, జాడ తీయడం, ఒక్కో ఫోన్ తెరవడం: ఏది మేలు?

పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేకుండా సందేశానికి తాళం వేయడమే ఎన్‌క్రిప్షన్. మొన్న అక్కా నేనూ పక్కపక్కనే కూర్చుని వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ అని ఉన్నచోట నొక్కాం. రెండు ఫోన్లలోనూ 60 అంకెలు, ఐదేసి చొప్పున 12 గుంపులు. అక్క చదువుతుంటే నేను సరిచూశాను. అన్నీ కలిశాయి. అంటే మా మధ్యలో ఎవరూ దూరలేదన్నమాట.

"మరి టెర్రరిస్టులూ ఇలాగే మాట్లాడుకుంటారుగా?" అంది అక్క. న్యాయమైన ప్రశ్నే. అలాంటివాళ్ల మాటలు పట్టుకోవడానికి పోలీసుల ముందు ఉన్నవి మూడు దారులు.

ఒకటి, దొడ్డిదారి. కంపెనీయే సర్కారు కోసం ఒక తాళంచెవి చేసి పెట్టడం. పోలీసులకు ఇదే సులువు. కానీ గ్రీస్‌లో ఏం జరిగిందో చూడండి. వోడాఫోన్ ఎక్స్ఛేంజీల్లో చట్టబద్ధంగా కాల్స్ వినడానికి పెట్టిన ఏర్పాటు ఉండేది. ఎవరో లోపలికి చొరబడి దాన్నే రహస్యంగా వాడుకున్నారు. 2004-05లో ప్రధాని కరమన్లిస్ సహా వంద మందికి పైగా ఫోన్లు విన్నారు. మాటలన్నీ కాపీ అయ్యి కొన్ని ప్రీపెయిడ్ నంబర్లకు వెళ్లేవి. కొన్ని ఎస్ఎంఎస్‌లు అందడం లేదని ఆరా తీస్తే గానీ గుట్టు బయటపడలేదు. అది ఎన్‌క్రిప్షన్ కథ కాదు, నిజమే. కానీ మంచివాళ్ల కోసమని పెట్టిన తలుపులోంచి ఎవరు వస్తారో చెప్పలేమని తేలింది. అమెరికా టెలికాం కంపెనీల ట్యాపింగ్ వ్యవస్థల్లోకీ చైనా హ్యాకర్లు దూరారని 2024లో బయటపడింది. ఆ తర్వాత అక్కడి అధికారులే ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడుకోమన్నారు!

రెండోది మన దేశంలోని 2021 ఐటీ రూల్స్ దారి: సందేశం చదవక్కర్లేదు, మొదట ఎవరు పంపారో కంపెనీ చెబితే చాలు. వినడానికి మెత్తగానే ఉంది. అయితే మొదట పంపినవాళ్లు విదేశంలో ఉంటే, ఇండియాలో మొదట పంపినవాళ్లనే మొదటివాళ్లుగా లెక్కేస్తారు. డాలస్ నుంచి కొడుకు పంపిన వీడియోను గుంటూరులో తల్లి కాలనీ గ్రూపులో పెడితే, జాడ ఆవిడ దగ్గరే ఆగుతుంది. పైగా ఎవరి సందేశం కావాల్సొస్తుందో ముందే తెలియదు కాబట్టి అందరి జాడా ఉంచాలి. వాట్సాప్ దీనిమీద ఢిల్లీ హైకోర్టుకెక్కింది.

మూడోది, అనుమానితుడి ఫోన్ ఒక్కటే తెరవడం. అమెరికాలో 2015 శాన్ బెర్నార్డినో కాల్పుల కేసులో నిందితుడి ఐఫోన్ తెరవడం మీద అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఆపిల్ నెలన్నర కోర్టులో పోట్లాడాయి. చివరికి ఎఫ్‌బీఐ బయటివాళ్ల సాయంతో ఆ ఐఫోన్ తెరిపించుకుని కేసు వెనక్కి తీసుకుంది. ఖర్చెక్కువ, ఆలస్యం. ఒక్కో ఫోన్‌కీ అంత కష్టపడాలి కాబట్టే ఊరందరి ఫోన్లూ తెరవరు. నాకైతే అదే నచ్చింది.

అలాగని ఇదేం పవిత్రమైన దారి కాదు. పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్లు దూరేదీ ఇలాగే, ఒక్కో ఫోన్‌లోకి. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులోని ఆరోపణలు చదివాక అధికారుల సంతకం చాలనిపించదు. మన దగ్గర ట్యాపింగ్‌కు అనుమతిచ్చేది హోం శాఖ కార్యదర్శి, సమీక్షించేదీ అధికారుల కమిటీయే. ఆ కాగితం మీద జడ్జి సంతకం ఉండాలంటాను. అప్పుడైతే ఎవరి ఫోన్ తెరిచినా నాకు అభ్యంతరం లేదు, నాదైనా సరే.