గుర్రాల ట్రైలరుకు పాత బండి: హైదరాబాదులో అయిదు రోజులు, పోయిన ఒక బయానా

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల పక్కన ఉన్న ఒక పాతకార్ల దుకాణంలో నేను ఇచ్చిన ఇరవై వేల రూపాయల బయానా తిరిగి రాలేదు. దుకాణం పేరు రాయను గానీ, జరిగింది మాత్రం పూర్తిగా రాస్తాను, ఎందుకంటే గుర్రాల ట్రైలరును లాగే బండి కోసం హైదరాబాదు వచ్చేవారికి అక్కడ దొరికే మొదటి సలహా నాకు దొరికినదే అయి ఉంటుంది: "ఇది ఏనుగునైనా లాగుతుంది సార్, గుర్రమెంత!"

హనుమకొండ శివారులో పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే చిన్న శాల మాది. రెండు మార్వాడీ గుర్రాలున్నాయి. వాటిని హైదరాబాదు తీసుకువెళ్ళాలన్న ప్రతిసారీ డీసీఎం కిరాయికి 13,500 రూపాయలు అవుతోంది, పైగా అది అంతకుముందు రోజు సిమెంటో ఎరువులో మోసివచ్చిన బండి. అందుకని మొయినాబాద్‌ దగ్గర ఒక గుర్రపుశాలవారు అమ్ముతున్న రెండు గుర్రాల ట్రైలరును 2,75,000కు మాట్లాడుకుని, దానిని లాగే పాత బండి ఎనిమిది లక్షల లోపు కొనాలని నేనూ, మా బావమరిదీ, మా గుర్రాలను చూసుకునే సాయిసు తాతా బయలుదేరాము. లెక్క ఇంటి దగ్గరే వేసుకున్నాను. ఖాళీ ట్రైలరు 850 కిలోలు, రెండు గుర్రాలు దాదాపు 800, గడ్డి, నీళ్ళు, జీనులు కలిపి మరో 100, మొత్తం 1,750 కిలోలు. అందులో పదోవంతు, అంటే సుమారు 175 కిలోలు, బండి వెనక హుక్కు మీద పడుతుంది. విడిగా ఛాసిస్‌ లేకుండా బాడీయే ఆధారంగా ఉండే మోనోకాక్‌ ఎస్‌యూవీలు ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి పోకూడదనీ, నిచ్చెనలాంటి ఛాసిస్‌ మీద బాడీ కూర్చున్న బండే కావాలనీ నిర్ణయించుకున్నాను. ఇసుజు వీ-క్రాస్‌ మంచి పికప్పే కానీ, చూసిన రెండూ పన్నెండు లక్షలకు తగ్గలేదు.

అత్తాపూర్‌లో 2015 నాటి నల్ల స్కార్పియో 6,90,000 చెప్పారు. మా బావమరిది దాని రంగుకే పడిపోయి, "బావా, రేపటికి ఉండదు" అని తొందరపెట్టాడు. బయానా కట్టాను. ఆ తప్పు నాదే. మరునాడు 1,500 రూపాయలు ఇచ్చి వేరే మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్ళాను. అతను బండి కింద పది నిమిషాలు పడుకుని లేచి చెప్పిన మాటలు వింటుంటే దుకాణదారు ముఖం మారిపోయింది. హుక్కును ఛాసిస్‌ దూలాలకు కాక, బంపరును పట్టి ఉంచే రేకుకు రెండు బోల్టులతో బిగించారు. కుడివైపు వెనక దూలం మీద కొత్తగా వేసిన నల్ల రంగు కింద వెల్డింగు గీత ఉంది. హ్యాండ్‌బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్‌ వదిలినప్పుడు ఇంజను ఆగిపోవలసింది పోయి రొదపెడుతూ తిరుగుతూనే ఉంది, అంటే క్లచ్‌ అరిగిపోయింది. టైర్ల మీద నాలుగంకెల గుర్తు 2318, అంటే అవి 2018లో ఇరవైమూడో వారంలో తయారైనవి. ఫోనులో చూస్తే బండి మీద 1,035 రూపాయల చొప్పున తొమ్మిది స్పీడు చలాన్లు, మొత్తం 9,315, కట్టకుండా ఉన్నాయి.

ఇంత తేలిన తరువాత కూడా, బరువు వేసిన ట్రైలరును కట్టి ఒకసారి నడిపి చూస్తానని అడిగాను. "అలా చూడాలంటే ముందు బండి కొనండి" అన్నాడు. బయానా తిరిగి ఇమ్మంటే, చీటీ వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలతో వేసిన 'నాన్‌ రిఫండబుల్‌' ముద్ర చూపించాడు. చీటీ వెనక చదవనివాడు మోసపోతాడని మా నాన్న చెబుతుండేవారు. ఆయన ప్రాంసరీ నోట్ల గురించి చెప్పారనుకున్నాను.

ఆ రాత్రి లక్డీకాపూల్‌లో దిగిన లాడ్జి నా కోపాన్ని రెట్టింపు చేసింది. ఏసీ గదికి 1,800 తీసుకున్నారు, ఏసీ తెల్లవారుజామున రెండింటికి ఆగిపోయింది. 'ఇరవైనాలుగు గంటల చెకౌట్‌' అని గోడ మీద రాసి, మధ్యాహ్నం పన్నెండుకే మరో సగం రోజు అద్దె 900 కట్టమన్నారు. కట్టి, సామాను ఎత్తుకుని, మొయినాబాద్‌లో ట్రైలరు అమ్మే శాలవారి అతిథిగదికి వెళ్ళిపోయాము. అక్కడ రోజుకు 600, ఫ్యానే ఉంది, ఎండుగడ్డి వాసన వస్తుంది, హాయిగా నిద్రపట్టింది. రెండు రోజులుగా పలకని సాయిసు తాత, అక్కడ రోడ్డు పక్క పూటకూళ్ళ దగ్గర 180 రూపాయలకు జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాక మొదటిసారి నోరు విప్పి, "నల్లది వద్దని నాకు ముందే అనిపించింది సారు" అన్నాడు. మా బావమరిది రొట్టె మీంచి తల ఎత్తలేదు.

రెండో బండి గురించి చెప్పింది ఆ శాలవారే. సైనిక్‌పురిలో ఒక విశ్రాంత సైనికాధికారి దగ్గర 2016 నాటి సఫారీ స్టార్మ్‌, ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌, 400 న్యూటన్‌ మీటర్ల టార్కు (ఇంజను తిప్పుడు బలం), 92,000 కిలోమీటర్లు తిరిగినది, 6,25,000కు ఉంది. ఆయన హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపేవారు. పడవ ట్రైలరు కోసం రెండు ఛాసిస్‌ దూలాలకూ కలిపి సరైన హుక్కు వేయించారు, 50 మిల్లీమీటర్ల గుండుతో సహా. పరీక్షించి చూడాలి అనగానే, "చూడకుండా ఎలా కొంటారు?" అని తానే బండి నడుపుకుంటూ మొయినాబాద్‌ వచ్చారు. బయానా మాటే ఎత్తలేదు.

గుర్రాలు ఇంటి దగ్గర ఉన్నాయి కనుక, యాభై కిలోల ఇసుక బస్తాలు పదహారు ట్రైలరులో వేయించాము. ఎక్కించి దించినందుకు కూలి 800, బండ్లను తూచే ధర్మకాంటాకు 120. బస్తాలన్నీ ముందుకు చేర్చినప్పుడు బండి వెనకభాగం మూడంగుళాలకు పైగా దిగిపోయి, హెడ్‌లైట్లు ఆకాశం చూశాయి. కొన్నిటిని ఇరుసు వైపు జరిపితే రెండంగుళాల దగ్గర నిలిచింది. మరీ వెనక్కి జరిపితే హుక్కు మీద భారం తగ్గి, వేగం పెరిగేకొద్దీ ట్రైలరు తోక ఊపుతుంది. అది ఇంకా ప్రమాదం. ఇసుక కదలదు, గుర్రం కదులుతుంది అని గుర్తుచేసింది సాయిసు తాతే. ఆయన ఒక బకెట్‌ను నిండా నీళ్ళతో నింపి ట్రైలరు మధ్యలో కట్టించాడు. "గుర్రానికి పట్టుకోవడానికి చేతుల్లేవు సారు. నీళ్ళు ఎన్ని ఒలికితే, దాని కాళ్ళు అన్నిసార్లు తడబడ్డట్టు."

చేవెళ్ళ మర్రిచెట్ల రోడ్డు మీదుగా అనంతగిరి ఘాటుకు వెళ్ళాము. మూసీ పుట్టే ఆ గుట్టల మీద ఎక్కుడు సంగతి పెద్దగా చెప్పేది లేదు, ఇంజను వేడి ముల్లు కదలలేదు. నేను చూడదలచుకున్నది దిగుడు. అమ్మేవారందరూ లాగుడు గురించే చెబుతారు, ఆపడం గురించి ఒక్కరూ నోరెత్తరు. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచింది. బండి నెమ్మదించినప్పుడు ట్రైలరు ముందుకు తోసుకువచ్చి తన బ్రేకులను తానే వేసుకునే ఏర్పాటు కూడా సరిగ్గా పనిచేసింది, కింద ఆగి ముట్టుకుంటే రెండు చక్రాలూ సమానంగా వెచ్చగా ఉన్నాయి. అయినా బకెట్‌లో సగం నీళ్ళే మిగిలాయి. నింపి, తిరుగుదారిలో ఆ సైనికాధికారి నడిపితే నాలుగు వేళ్ళ లోతు మాత్రమే ఒలికింది. మా బావమరిది పగలబడి నవ్వాడు. తప్పు బండిది కాదని అప్పటికి నాకూ అర్థమయింది. నూటపది కిలోమీటర్లకు పదహారు లీటర్ల డీజిలు తాగింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా రాలేదు.

5,90,000కు బేరం కుదిరింది. పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద సంతకాలు, బ్యాంకు అప్పు తీరినట్టు 35వ ఫారం ఒక్క పూటలో చేతికి వచ్చాయి. ట్రైలరుకు కూడా విడిగా రిజిస్ట్రేషను ఉంటుందనీ, దాని కాగితాలు లేకుండా కొనకూడదనీ, బండి బీమాను పద్నాలుగు రోజులలోపు మన పేరుకు మార్పించుకోవాలనీ మాత్రం మరిచిపోవద్దు. ఔటర్‌ రింగు రోడ్డు మీదుగా ఘట్‌కేసర్‌ చేరి, అరవై దాటకుండా హనుమకొండ వచ్చేశాము.

పదిహేను రోజుల తరువాత అత్తాపూర్‌ నుంచి ఫోను వచ్చింది. నల్ల స్కార్పియో ఇంకా ఉందనీ, 6,40,000కు ఇస్తామనీ, నా బయానా అందులో తగ్గిస్తామనీ, కొత్త హుక్కు ఉచితమనీ అన్నాడు. వెల్డింగు గీత కూడా ఉచితమేనా అని మా బావమరిది అడిగేసరికి పెట్టేశాడు.