అమ్మాయి లాప్‌టాప్ కోసం సికింద్రాబాద్‌లో రెండు రోజులు

బ్యాటరీ రిపోర్ట్ చూడకుండా లాప్‌టాప్‌కి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. నేను రెండు వేలు ఇచ్చాను, అందులో వెయ్యి పోయింది. పోయిన వెయ్యి కంటే, ఆ షాపువాడు మా అమ్మాయి ముందు అన్న మాటలే నన్ను ఇంకా కోస్తున్నాయి.

ఈ ఏడాది మా పెద్దమ్మాయికి సీఎస్‌ఈలో సీటు వచ్చింది. చీటీ ఎత్తిన డబ్బులో యాభై వేలు లాప్‌టాప్ కోసం పక్కన పెట్టాం. "ఖమ్మంలోనే కొనండి, ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగొచ్చు" అని మా ఆవిడ చెప్పింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అక్కడైతే పది షాపులు తిరిగి ధర కనుక్కోవచ్చని నేనే పట్టుబట్టాను. పొద్దున శాతవాహన ఎక్కి మధ్యాహ్నానికి దిగాం. సాయంత్రం అదే బండికి తిరిగి రావాలంటే మధ్యలో మిగిలేది మూడు నాలుగు గంటలే. అందుకని రాత్రికి ఉండిపోయాం.

స్టేషన్ దగ్గర లాడ్జిలో రూముకి 1,400 తీసుకున్నారు. వేణ్ణీళ్లు పొద్దున ఒక్క గంటే, అవీ బకెట్‌కి ఇరవై. దిండు గలీబు మార్చమంటే "రేపు పొద్దున" అన్నాడు. మేము ఖాళీ చేసేదే రేపు పొద్దున. ఆడపిల్లతో వెళ్లేవాళ్లు ముందే రూము చూసుకుని, గడియ పడుతుందో లేదో సరిచూసుకుని డబ్బు కట్టండి.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో ప్రకటన చూసి మొదట ఒక సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్లాం. ఇంటెల్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్క్), ధర 26,500. మూత మీద గీత లేదు, కీబోర్డ్ కొత్తదిలా మెరుస్తోంది. "కంపెనీ వాళ్లు వాడకుండా పక్కన పెట్టిన పీస్ సార్, సాయంత్రానికి ఉండదు" అన్నాడు. మా అమ్మాయి కళ్లు దాని మీదే ఉన్నాయి. సగం డబ్బు మిగులుతుందన్న ఆశతో ఫోన్‌పేలో రెండు వేలు కొట్టేశాను.

రాత్రి మా అమ్మాయి మా వీధిలో బీటెక్ మూడో ఏడు చదివే అబ్బాయికి ఫోన్ చేసి అడిగింది. అతను రెండు విషయాలు చూడమన్నాడు. ఒకటి, ఐ7 అంటే సరిపోదు, ఎన్నో తరం అన్నది ముఖ్యం. రెండోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, 'బ్యాటరీరిపోర్ట్' అని కలిపి కొడితే ఒక ఫైలు తయారవుతుంది. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో అందులో ఉంటుంది.

మర్నాడు షాపులో తనే కూర్చుని కొట్టింది. కొత్తలో 51,000. ఇప్పుడు 21,400. సగం కూడా లేదు. పైగా ప్రాసెసర్ ఏడో తరం. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆఖరు. నాలుగేళ్ల చదువుకి ఆ మిషన్ ఎలా సరిపోతుంది? అడిగితే, "పాపకి ఏం తెలుసు సార్, యూట్యూబ్ చూసి వచ్చి మాట్లాడతారు" అన్నాడు. తను మొహం మాడ్చుకుని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటే రసీదు వెనక సన్న అక్షరాలు చూపించాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి అక్కడే ఫోన్ కలిపాను. అప్పుడు వెయ్యి చేతిలో పెట్టి, మిగతాది "ప్యాకింగ్ ఖర్చు" అన్నాడు.

స్టేషన్ ఎదురుగా ఆల్ఫాకి తీసుకెళ్లి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెప్పించాను. ఒక బిస్కట్ ముంచుకుని తిన్నాక, "నాన్నా, ఇంటికెళ్లిపోదామా?" అంది. "ఒక్క గంట చూద్దాం అమ్మా" అని సీటీసీకి తీసుకెళ్లాను.

మూడు షాపులు ధర చెప్పి వదిలేశాయి. నాలుగో షాపులో అరవై దాటిన పెద్దాయన. "ఏం చదువుతావు తల్లీ?" అని ముందు తననే అడిగారు. తర్వాత డెమో పీస్ ఒకటి బోర్లించి, చిన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు మూత విప్పారు. ర్యామ్ పెట్టే అరలు రెండు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఖాళీ. "సన్నగా వచ్చే వాటిల్లో చాలావరకు ర్యామ్ బోర్డుకే అతికించేస్తారు. ఎనిమిది జీబీ కొంటే ఎప్పటికీ ఎనిమిదే" అన్నారు. తనని కూడా ఆ ఖాళీ అర మీద వేలు పెట్టి చూడమన్నారు.

రైజెన్ (ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు) పేర్ల తిరకాసు కూడా ఆయనే విప్పారు. 7520యూ అన్నది 5625యూ కంటే కొత్త నంబరే, కానీ అందులో కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) నాలుగు, ర్యామ్ అతికించినదే. 5625యూలో ఆరు కోర్లు. పెద్ద నంబరుకి ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ మిషన్ ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో! తెరని పక్కకి వంచి చూడమన్నారు. ఒకదాంట్లో బొమ్మ రంగులు వెలిసిపోయాయి, ఇంకోదాంట్లో అలాగే నిలిచాయి. రెండోది ఐపీఎస్ తెర, అదే తీసుకున్నాం.

5625యూ, 8 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, పదిహేను అంగుళాల పైన తెర. 37,712 మీద 18 శాతం జీఎస్‌టీ 6,788 కలిపి బిల్లు 44,500. ఇంకో 8 జీబీ ర్యామ్ 1,900 పెట్టి మా ముందే బిగించారు. మొత్తం 46,400. బ్యాగు పెట్టెలోనే వచ్చింది, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ దాంతోపాటే ఉంది. (సెకండ్ హ్యాండ్ షాపువాడు ఆఫీస్ ఎక్కించడానికి విడిగా 1,500 అడిగాడు.) పెట్టె మీది సీరియల్ నంబర్, బిల్లులోది, మిషన్ అడుగునున్నది ఒకటేనా అని చూసుకున్నాం. ఆ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ తేదీ కూడా చూశాం. ఆయన విసుక్కోలేదు, తనే పక్కన నిలబడి చూపించారు.

సెకండ్ హ్యాండ్ అంటేనే మోసమని నేననను. ముప్పై వేల లోపే ఉన్నవాళ్లకి థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటి ఆఫీసు మోడళ్లు గట్టిగానే ఉంటాయి. ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ అయినది, బ్యాటరీ డెబ్బై శాతం పైన ఉన్నది, జీఎస్‌టీ బిల్లు మీద రాతపూర్వకంగా వారంటీ ఇచ్చేది మాత్రమే తీసుకోండి. ఈ మూడింట్లో ఏది కుదరకపోయినా లేచి వచ్చేయండి.

తిరుగు రైల్లో ఖమ్మం దాకా మా అమ్మాయి బ్యాగు ఒళ్లోనే పెట్టుకుంది, పైన పెడతానన్నా ఇవ్వలేదు. ఇంటికి రాగానే మా ఆవిడ పసుపు, కుంకుమ బొట్టు పెట్టి "ఇక తెరువు" అంది. తెరవగానే తను మొదట చేసిన పని బ్యాటరీ రిపోర్ట్ తీయడం. రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఆ తెర అలాగే తిప్పి వాళ్లమ్మకి చూపించింది.