సోనీ ఏ7 మార్క్ 2 మీద జూపిటర్-8: కొన్నేళ్లు వాడాక

పరిగెత్తే పిల్లల్నీ, పెళ్లిలో తలంబ్రాల హడావిడినీ తీయడానికి లెన్స్ వెతుకుతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. జూపిటర్-8 ఫోకస్‌ని చేత్తో తిప్పి చేయాల్సిన పాత సోవియట్ లెన్స్, వాళ్లకి పనికిరాదు. కూర్చున్న మనిషిని తీరిగ్గా, వెలుగు చూసుకుని తీసేవాళ్లకి మాత్రం ఈ డబ్బులో ఇంతకన్నా మంచి 50 మి.మీ. లెన్స్ నాకు తగల్లేదు.

ఇది మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ సరుకు. నాది వెండిరంగు అల్యూమినియం మోడల్. సీరియల్ నంబరు 61తో మొదలవుతుంది కాబట్టి 1961 నాటిది. అసలు డిజైన్ జర్మన్లది. 1930ల్లో జైస్ కంపెనీ వాళ్ల కాంటాక్స్ కెమెరాల కోసం లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ అనే లెన్స్ ఇది. యుద్ధం అయ్యాక పరిహారం కింద జర్మనీ నుంచి యంత్రాలూ, గాజూ సోవియట్ యూనియన్‌కి తరలిపోయాయి. అదే లెన్స్ పేరు మార్చుకుని జోర్కీ, కీవ్ అనే సోవియట్ కెమెరాల మీదికెక్కింది. లోపల ఆరు గాజులు, మూడు గుంపులుగా అతికించి ఉంటాయి. గాజు మీద మెరుపు తగ్గించే కోటింగ్ లేని రోజుల్లో గాలి తగిలే గాజు ముఖాలు ఎంత తగ్గితే బొమ్మ అంత తేటగా వచ్చేది, అందుకే ఆ అతుకులు.

బిగించడం తేలికే. ఈ 39 మి.మీ. మర లెన్సులకి వెనక బిగింపు అంచు నుంచి ఫిల్మ్ దాకా 28.8 మి.మీ. దూరం కావాలి. సోనీ కెమెరాల లెన్స్ బిగింపు ఈ-మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. మిగిలిన 10.8 మి.మీ. అడాప్టర్ పూడుస్తుంది. పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. నికాన్ ఎఫ్‌లో ఆ దూరం 46.5, కెనాన్ ఈఎఫ్‌లో 44. అద్దం అడ్డం ఉన్న కెమెరాలో లెన్స్ అంత వెనక్కి వెళ్లలేదు, దూరంగా ఉన్నది ఏదీ ఫోకస్ కాదు.

నేను మొదట కొన్న చవక అడాప్టర్ లోపల అద్దంలా మెరిసేది. ఎదురు వెలుగులో ఫొటో మధ్యలో తెల్లటి పొర పడుతుంటే లెన్స్ ముసలిదైపోయింది అనుకుంటారు ఎవరైనా. లోపల నల్ల వెల్వెట్ కాగితం అంటిస్తే సగానికి పైగా తగ్గింది. ఇంకో సంగతి: చవకవాటిని కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు, అనంతం (అంటే ఎంత దూరమైనా) దాటి కూడా ఫోకస్ వెళ్లాలని. అందుకే నా లెన్స్‌లో చందమామ అనంతం గుర్తుకి కొంచెం ముందే స్పష్టంగా వచ్చేస్తుంది. దూరాల స్కేలు చూసి తీసే అలవాటున్నవాళ్లకి ఇది చికాకు. ఇప్పుడు వాడుతున్నది రెండు ముక్కలు: మర లెన్స్‌ని లైకా ఎమ్ బిగింపుకి మార్చే 1 మి.మీ. మందం రింగు, దాని వెనక తిప్పితే సాగే హెలికాయిడ్ అడాప్టర్. జూపిటర్ ఒంటరిగా 1 మీటరు కన్నా దగ్గరికి రాదు. అడాప్టర్ 5 మి.మీ. సాగితే సుమారు 40 సెం.మీ. దాకా వస్తుంది. నా దృష్టిలో లెన్స్ కన్నా ఇదే మంచి కొనుగోలు.

లైకా బాడీల మీద జూపిటర్లకి చెడ్డపేరుంది, దగ్గరి దూరాల్లో ఫోకస్ తప్పుతుందని. తప్పు లెన్స్‌ది కాదు, రేంజ్‌ఫైండర్‌తో (లెన్స్‌లోంచి కాక పక్క కిటికీలోంచి దూరం కొలిచే అమరికతో) దానికి కుదరకపోవడం. సోనీ ఏ7 లాంటి అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మనే చూసి ఫోకస్ చేస్తాం కాబట్టి ఆ గొడవే లేదు. సోనార్‌కి ఉన్న ఇంకో జబ్బు, అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరగడం. అపర్చర్ ముందు పెట్టుకుని ఆ తర్వాత ఫోకస్ చేస్తే చాలు. ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగు గీతలతో చూపించే పీకింగ్‌ని, రంధ్రం పూర్తిగా తెరిచిన ఎఫ్/2 దగ్గర నేను నమ్మను, కనుబొమ్మ నుంచి చెవి దాకా అన్నీ మెరిపిస్తుంది. తెర మీద ఎదుటి మనిషి కంటిని పెద్దది చేసి చూడటమే దారి. మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడేలా, చేతి వణుకు సర్దే స్టెడీషాట్‌కి 50 మి.మీ. అని చెప్పేలా ఒకసారి పెట్టుకోవాలి.

బొమ్మ సంగతికొస్తే, మా అమ్మ కిటికీ పక్కన మల్లెలు కడుతుంటే ఎఫ్/2 దగ్గర తీసిన ఫొటో ఒకటుంది. వేళ్ల మధ్య దారం ముడి సన్నగా, స్పష్టంగా ఉంది. తెల్లమొగ్గల అంచుల చుట్టూ మాత్రం పల్చటి మంచు పట్టినట్టుంది. వెనక బాల్కనీ గ్రిల్ సందుల్లో వెలుగు గుండ్రంగా విచ్చుకుంది, చుక్కల అంచు కాస్త ఎక్కువ మెరుస్తూ. ఎఫ్/2.8కి తిప్పి తీసిన తర్వాతి ఫొటోలో ఆ మంచు చాలావరకు లేదు. ఎఫ్/5.6లో మధ్యభాగం కొత్త లెన్సులకి పెద్దగా తీసిపోదు, కానీ అక్కడే వాడాలంటే దీనితో పనేముంది? రంగులు కొంచెం వెలిసినట్టు వస్తాయి. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచితే సర్దుకుంటుంది. సూర్యుడు ఫ్రేము బయట పక్కన ఉన్నా పొగ కమ్మినట్టవుతుంది, పక్క వెలుగుని ఆపే 40.5 మి.మీ. హుడ్ తప్పనిసరి.

ఇక విసుగు పుట్టించేది అపర్చర్ రింగు. క్లిక్కులుండవు. పైగా ఫోకస్ తిప్పితే ముందుభాగం మొత్తం తిరుగుతుంది, దానితో పాటు అపర్చర్ అంకెలు కిందికి పోతాయి. ఎఫ్/4 అనుకుని తీసింది ఎఫ్/5.6 అయి ఉండొచ్చు. ఫైల్‌లో అపర్చర్ నమోదు కాదు గనక తర్వాత తెలిసే దారి కూడా లేదు.

ఇదంతా 50 మి.మీ. మాట. మిత్రుడి దగ్గర తెచ్చి జూపిటర్-12, అంటే 35 మి.మీ. ఎఫ్/2.8, ఇదే బాడీ మీద పెట్టి చూశాను. దాని వెనక గాజు ఉబ్బెత్తుగా బయటికి పొడుచుకొచ్చి సెన్సార్‌కి దగ్గరగా కూర్చుంటుంది. మూలలకి వెలుగు బాగా ఏటవాలుగా పోతుంది. ఫిల్మ్ ముందు గాజు పలక ఉండదు. సోనీ సెన్సార్ ముందు సుమారు 2 మి.మీ. ఉంటుంది. ఏటవాలు వెలుగు అందులోంచి పోయేసరికి మూలలు అలుక్కుపోయాయి, అంచుల్లో గులాబీ చాయ తేలింది. వైడ్ కావాలనుకునేవాళ్లు సోనీ మీద పాత రేంజ్‌ఫైండర్ లెన్సుల జోలికి పోకపోవడమే మంచిది.

కొనేటప్పుడు టార్చి వేసి లోపల బూజు తీగలున్నాయేమో చూడండి. ముందు గాజు మీద సన్న గీతలుంటే పట్టించుకోవద్దు, ఫోకస్ రింగు పట్టేసినట్టుంటే గ్రీజు గట్టిపడిందని లెక్కేసుకుని ధర తగ్గించమనండి. "కార్ల్ జైస్ యేనా" అని చెక్కి ఎక్కువ రేటు చెప్పే మర లెన్సుల్లో వేషం మార్చిన జూపిటర్లు బోలెడు. జెనిత్ కెమెరాల తొలి లెన్సులకీ ఇదే 39 మి.మీ. మర, కానీ వాటికి కావలసిన దూరం 45.2 మి.మీ. ఇండస్టార్-50 అనే సోవియట్ లెన్స్ రెండు రకాలుగానూ వచ్చింది. ఏది జోర్కీది, ఏది జెనిత్‌ది అని అమ్మేవాణ్ణి అడిగి, వెనక వైపు ఫొటో కూడా తెప్పించుకోండి.