జాగ్రత్త: ఉప్పునీటి పంపుకి "ఫుల్ కిట్" కొనేముందు సీలు స్ప్రింగు చూడండి

గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ వైపు ఇన్‌బోర్డ్ డీజిల్ పడవలున్నవాళ్ళూ, రంభలో చిలికా పడవలు తిప్పేవాళ్ళూ పంపు సామాను కొనేముందు ఇది చదవండి. బరంపురంలో ఒక షాపులోనూ, ఆన్‌లైన్‌లోనూ ఒకే రకం ప్లాస్టిక్ కవర్లో రా వాటర్ పంపు (సముద్రపు నీళ్ళు లాగి ఇంజిన్‌ని చల్లబరిచే పంపు) కిట్ అమ్ముతున్నారు. దానిమీద కంపెనీ పేరు లేదు, పార్టు నంబరు లేదు, "మెరైన్" అన్న ఒక్క మాట ఉంది. ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రబ్బరు రెక్కల చక్రం), నీళ్ళని ఆపే వాటర్ సీలు, ఆయిల్‌ని ఆపే ఆయిల్ సీలు, రెండు బేరింగులు, ప్యాకింగు లోపల ఉంటాయి. బిగించిన రోజు చుక్క కారదు. పది రోజులు తిరక్కుండానే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

లోపం వాటర్ సీల్లో ఉంది. సీలు రబ్బరు అంచు వెనక చుట్టూ సన్నటి స్ప్రింగు ఉంటుంది. ఆ అంచుని షాఫ్టుకి, అంటే ఇంపెల్లర్ని తిప్పే కడ్డీకి, అదిమి పట్టేది అదే. ఉప్పునీళ్ళలో తిరిగే పంపుకి అది స్టెయిన్‌లెస్ అయి తీరాలి. ఈ కిట్‌లో ఉన్నది మామూలు ఉక్కు తీగ. ఉప్పు తగిలి తుప్పు పట్టి తెగుతుంది, అంచు వదులవుతుంది, తుప్పు రజను షాఫ్టుని గీస్తుంది. చవక సీలు తను పోతూ ఖరీదైన షాఫ్టుని కూడా పట్టుకుపోతుంది.

అయస్కాంతం పెట్టి చూస్తే చాలదు. మంచి సీలుకి కూడా రబ్బరు లోపల ఇనప రేకు ఉండొచ్చు, స్టెయిన్‌లెస్ తీగైనా కాస్త లాగొచ్చు. స్ప్రింగుని గోటితో బయటికి తీసి, గ్లాసుడు సముద్రపు నీళ్ళలో సగం మునిగేలా రాత్రంతా ఉంచండి. పొద్దునకి ఎర్రబడితే ఆ సీలు పనికిరాదు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులుంది కదా, ఈ పరీక్షకి కావలసింది ఒక్క రాత్రి. ఆఖరి వారం పరుగెత్తితే షాపువాడు ఒడియాలో "చలిబో" (నడుస్తుందిలే) అంటాడు, మనం తెచ్చేసుకుంటాం.

మిగతా సామాను కూడా అంతంతమాత్రమే. బెల్టుతో తిరిగే పంపు బేరింగు నంబరు చివర 2ఆర్ఎస్ ఉండాలి, అంటే రెండువైపులా రబ్బరు మూత. దీన్లో జెడ్‌జెడ్, రేకు మూతలవి వస్తున్నాయి. తేమ లోపలికి పోవడానికి ఆ సందు చాలు. రెండు సీళ్ళ మధ్య షాఫ్టు మీద ఉండే చిన్న రబ్బరు రింగు, కారిన నీటిని బేరింగు దాకా పోకుండా విదిలించేది, అసలు ఇవ్వనే లేదు. ప్యాకింగు మరీ మందం. చాలా పంపుల్లో మూత ప్యాకింగు కాగితం పావు మిల్లీమీటరు ఉంటుంది. అంతకు మించితే ఇంపెల్లరుకీ మూతకీ మధ్య సందు పెరిగి పంపు నీళ్ళు లాగదు. మరీ పల్చనిదైతే ఇంపెల్లర్ రాసుకుని మాడుతుంది.

ఇంతకన్నా ప్రమాదమైనది ఇంకొకటుంది. పంపు బాడీ అడుగున, రెండు సీళ్ళ మధ్య ఒక చిన్న బెజ్జం ఉంటుంది. దాన్నుంచి నీళ్ళు కారితే వాటర్ సీలు పోయినట్టు, ఆయిల్ కారితే ఆయిల్ సీలు పోయినట్టు. రిపేరుకిచ్చిన పంపుల్లో ఆ బెజ్జాన్ని ఎం-సీల్ ముద్దతో పూడ్చి ఇస్తున్నారు. కారడం ఆగినట్టే ఉంటుంది. పంపు గేరుతో తిరిగేదైతే, బయటికి దారి లేని ఉప్పునీళ్ళు ఆయిల్ సీలు దాటి ఇంజిన్ ఆయిల్లో కలుస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగుకి తిరిగితే ఇంజిన్ తిప్పకండి. ఆయిలు, ఫిల్టరు మార్చి కాసేపు నడిపి, మళ్ళీ మార్చాల్సి రావచ్చు. రిపేరుకిచ్చి తెచ్చుకున్న పంపుని ముందు తలకిందులు చేసి ఆ బెజ్జంలో సన్నటి తీగ దూర్చి చూడండి.

కిట్టే కొనక్కర్లేదు. పాత సీలు మీద మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి: షాఫ్టు కొలత, బయటి కొలత, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. వాటితో నైట్రైల్ రబ్బరు సీలు, స్టెయిన్‌లెస్ స్ప్రింగుదని అడిగి విడిగా తీసుకోవచ్చు. తెచ్చాక ముందు షాఫ్టు చూడండి. సీలు ఆనేచోట గోరు తట్టుకునేంత గాడి ఉంటే ఏ సీలు వేసినా కారుతుంది. ఎమరీ కాగితంతో రుద్దితే గాడి పోదు, షాఫ్టు సన్నబడుతుంది. షాఫ్టు మార్చాలి, లేదా పల్చటి స్టెయిన్‌లెస్ స్లీవు ఎక్కించాలి. లోపల చోటుంటే సీలు అంచు గాడి మీద పడకుండా మిల్లీమీటరో, రెండో జరిపి కూర్చోబెట్టవచ్చు, అడుగు బెజ్జం మూసుకుపోకుండా.

విప్పేముందు సముద్రపు నీటి వాల్వు మూయాలి. ఇంపెల్లర్ని రెండు స్క్రూడ్రైవర్లతో పెకలిస్తే బాడీ అంచు దెబ్బతింటుంది, పుల్లర్ వాడండి. వాటర్ సీలు స్ప్రింగు ఉన్న వైపు నీటివైపుకి, ఆయిల్ సీలుది ఆయిల్ వైపుకి. ఇది తిరగబడి పెట్టినవాళ్ళు తక్కువేమీ కాదు. సీలు బయటి కొలతకి సరిపోయే సాకెట్టుతో తిన్నగా నొక్కాలి, సుత్తితో ఒక పక్క కొడితే వంకర పోతుంది. ఇంపెల్లర్ రెక్కలన్నీ తిరిగే దిక్కుకి వెనక్కి ఒకేలా వంగాలి, లోపల గ్లిజరిన్ గాని సబ్బునీళ్ళు గాని రాయాలి. గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. పాత ఇంపెల్లర్ రెక్క ఊడి ఉంటే ఆ ముక్క హీట్ ఎక్స్‌చేంజర్లో (ఇంజిన్ వేడిని సముద్రపు నీళ్ళకి ఇచ్చే గొట్టాల పెట్టె) ఇరుక్కుని ఉండొచ్చు, వెతికి తీయాలి.

స్టార్టు చేశాక అర నిమిషంలో ఎగ్జాస్టు దగ్గర నీళ్ళు రాకపోతే వెంటనే ఆపండి. ఎండు పంపులో ఇంపెల్లర్ ఎక్కువసేపు నిలవదు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు దిగాలి. బిర్రుగా లాగితే ముందు బేరింగు, వెనకే సీలు పోతాయి. గంట నడిపాక అడుగు బెజ్జం చూడండి, డిప్‌స్టిక్ చూడండి.

కిట్ ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ళు బిల్లు, కవరు, తుప్పు పట్టిన స్ప్రింగు దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. సొంత పడవ మీద బతికేవాళ్ళు "ఇది వ్యాపారం, కన్స్యూమర్ కింద రాదు" అన్న మాటకి భయపడక్కర్లేదు: స్వయం ఉపాధితో జీవనోపాధికే కొన్నదైతే 2019 చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది, గడువు రెండేళ్ళు. కొత్తగా కొనేవాళ్ళు బిల్లు మీద "స్టెయిన్‌లెస్ స్ప్రింగు" అని రాయించుకోండి. రాయనంటే ఆ కిట్ అక్కడే వదిలి వచ్చేయండి.