ఫ్రీజర్‌లో పెద్ద డబ్బాలా, ఒక్కపూట డబ్బాలా?

క్యాన్సర్‌కు ఇచ్చే కీమోకో పెద్ద ఆపరేషన్‌కో ముందే వండి దాచుకునేటప్పుడు మనసు పెద్ద డబ్బాల వైపే పోతుంది. ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, పనీ ఒక్కసారితో అయిపోతుంది. కానీ చికిత్స మొదలయ్యాక నాలుగు ముద్దలు తినడమే గగనం. ఆ నాలుగు ముద్దల కోసం రాయిలా గడ్డకట్టిన డబ్బా మొత్తం కరిగించాలి. ఫ్రిజ్‌లో పెట్టి కరిగించడానికి ఒక రోజైనా పడుతుంది.

ఒక్కపూట డబ్బాకు ఆ టెన్షన్ లేదు. రెండు గరిటెల సూప్, మూత మీద చెరగని పెన్నుతో పేరు, తేదీ. ఆకలి అనిపించిన క్షణాన తీసి వేడి చేసుకోవచ్చు. లోతు తక్కువ డబ్బాలో త్వరగా చల్లారుతుంది కూడా. వండినది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. కీమోతో ఇన్‌ఫెక్షన్లను అడ్డుకునే తెల్లరక్తకణాలు తగ్గుతాయి కాబట్టి ఇక్కడ అశ్రద్ధ అస్సలు పనికిరాదు. తినేముందు లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి.

కడగాల్సిన డబ్బాలు ఎక్కువే, నిజమే. అయినా నా ఓటు చిన్నవాటికే. నిన్న ఇష్టంగా తిన్నది ఇవాళ నోటికి ఇనుము రుచిగా తగలొచ్చు, అందుకే నాలుగైదు రకాలు కొంచెం కొంచెంగా ఉంచండి. పెద్ద డబ్బాలు రెండు చాలు, అవీ ఇంట్లో మిగతావాళ్లకు.