మెకాంగ్ లంకల్లో ఒక పగలూ ఒక రాత్రీ

డిసెంబరు చివరి వారంలో మా వారు, నేను, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి, అరవై ఆరేళ్ళ మా అత్తగారు కలిసి దక్షిణ వియత్నాంలో ఆరు రాత్రులు గడిపి వచ్చాము. ఐదు రాత్రులు హో చి మిన్ నగరంలో, ఒక రాత్రి కాన్ థోలో. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. కొబ్బరి తోటలూ కాలువలూ ఉన్న మరో డెల్టాను చూడాలన్న కోరిక అత్తగారిదే కాబట్టి, ప్రయాణమంతా అక్కడి మెకాంగ్ నది చుట్టూనే అల్లుకున్నాము.

ఈ-వీసాకు మనిషికి 25 డాలర్లు అయింది. దరఖాస్తులో పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే నింపాలి. మన పేర్ల విషయంలో ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. డబ్బు సంగతికి వస్తే, మన రూపాయికి సుమారు 300 డాంగులు. లక్షల్లో లెక్కలు ఒక పూటలో అలవాటైపోతాయి గానీ, 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగులోనే ఉండటం చివరిదాకా మమ్మల్ని తికమక పెట్టింది.

నగరంలో బెన్ థాన్ మార్కెట్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక సందులో ఉన్న హోటల్‌లో దిగాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, సిబ్బంది మర్యాదగా ఉన్నారు. అయితే మొదటి రోజు ఉదయం వెలుతురు కోసం తెర లాగితే వెనక కిటికీకి బదులు తెల్లటి గోడ కనిపించింది. ఆ నగరంలో తక్కువ అద్దె గదులకు చాలావాటికి కిటికీ ఉండదట. బుక్ చేసేటప్పుడే అడిగి ఉండవలసింది. రాత్రికి మరో లక్షన్నర డాంగులు చెల్లించి కిటికీ ఉన్న గదికి మారాము. ఊళ్ళో తిరగడానికి గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోవడం అన్నిటికన్నా సుఖంగా ఉంది, బేరమాడే పని లేదు. ఫ్రెంచివారి కాలపు పెద్ద పోస్టాఫీసు, 1975 ఏప్రిల్ 30న యుద్ధం ముగిసిన అధ్యక్ష భవనం బాగున్నాయి. యుద్ధ అవశేషాల మ్యూజియంలోని ఛాయాచిత్రాలు మాత్రం పిల్లలకు చూపించదగినవి కావు. మా వారు అబ్బాయితో బయట ఉన్న విమానాలు, ట్యాంకుల దగ్గరే ఉండిపోయారు. తమిళులు కట్టించిన మారియమ్మన్ గుడిలో స్థానిక వియత్నామీయులు అగరొత్తులు పట్టుకుని, గోడకు నుదురు ఆనించి మొక్కుకోవడం చూసి అత్తగారు చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

మూడో రోజున మెకాంగ్ యాత్ర. మనిషికి 6 లక్షల డాంగుల చొప్పున, మధ్యాహ్న భోజనంతో కలిపి, బస్సులో వెళ్ళే బృందంలో చేరాము. బస్సు వెళ్ళేది మీ థో అనే పట్టణానికి, నగరం నుంచి 70 కిలోమీటర్లు. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠలుగా చీలినట్టే, మెకాంగ్ వియత్నాంలోకి వచ్చేసరికి తియెన్, హావ్ అనే రెండు పెద్ద పాయలుగా ఉంటుంది. మీ థో ఉన్నది తియెన్ ఒడ్డున. దారిలో విన్ చాంగ్ పగోడా దగ్గర నవ్వుతున్న భారీ బుద్ధ విగ్రహం ముందు అరగంట ఆపి, తరువాత ఇంజను పడవ ఎక్కించి, నది మధ్య లంకల మీదుగా బెన్ ట్రె వైపు తీసుకెళ్ళారు.

ఇక్కడి నుంచి యాత్ర నది మీద కంటే అంగళ్ళలోనే ఎక్కువగా సాగింది. ఒకచోట తేనె కలిపిన టీ ఇచ్చి తేనె సీసాలు, ఇంకోచోట పండ్లు పెట్టి పాట వినిపించి చందా బుట్ట, మరోచోట కొండచిలువను మెడలో వేసుకుని ఫొటో. ఆ పాటల సంప్రదాయాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారని గైడ్ చెప్పాడు గానీ, పక్క బల్లల దగ్గర మరో మూడు బృందాలు మాట్లాడుకుంటూ ఉంటే దానిని వినే వీలు ఎక్కడిది? నీటి కొబ్బరి మట్టలు రెండువైపులా వంగిన సన్నని కాలువలో తెడ్డు పడవ మీద తిప్పడం ఈ యాత్రకే పేరు తెచ్చిన భాగం. అది నిజంగానే అందంగా ఉంది, పావుగంటలో అయిపోయింది. ముందు ఒక పడవ, వెనక ఒక పడవ, సందు లేదు. పెద్ద పడవ నుంచి ఊగుతున్న చిన్న పడవలోకి దిగడం మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టమే. తెడ్డు వేసే ఆవిడ ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి, అత్తగారి మోచేయి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది.

కొబ్బరి మిఠాయి తయారుచేసే చోట మాత్రం మేము బృందాన్ని వదిలేసి నిలబడిపోయాము. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి మూడు మెలికల్లో డొక్క ఒలిచేస్తున్న కుర్రవాణ్ణి చూసి, మన ఒలుపువాళ్ళ చేతివాటమేనని అత్తగారు తేల్చారు. కొబ్బరి పాలు, చక్కెర, మాల్టు కలిపి పాకం పట్టి, పట్టీలుగా పోసి, ముక్కలు కోసి, నోట్లో కరిగిపోయే బియ్యపు కాగితంలో చుడతారు. రుచి బాగుంది. లౌజుకు సాటి రాదన్నది ఆవిడ తీర్పు. అయినా నాలుగు పొట్లాలు కొన్నారు.

భోజనం దగ్గర శాకాహారులకు ఒక హెచ్చరిక. శాకాహారాన్ని అక్కడ 'చాయ్' అంటారు, టీ కాదు. బుక్ చేసినప్పుడే చెప్పినా, అందరికీ పొలుసులతో నిలువునా వేయించిన చేప వస్తే, మా అత్తగారికి అన్నమూ వెల్లుల్లి వేసి వేయించిన తూటికూరా వచ్చాయి. ఆ కూరలో కూడా నువోక్ మామ్ అనే చేపల సాసు చుక్కలు పడ్డాయని అడిగితే తెలిసింది. ఆవిడ కొబ్బరి బొండం తాగి సరిపెట్టుకున్నారు. నగరంలో 'చాయ్' అని బోర్డు ఉన్న హోటళ్ళలో ఈ బెడద లేదు.

ఆ అసంతృప్తితోనే ఐదో రోజున కారు మాట్లాడుకుని కాన్ థో వెళ్ళాము. 170 కిలోమీటర్లు, మూడు గంటల పైమాటే. 2010లో వంతెన వచ్చేదాకా హావ్ నదిని ఫెర్రీ మీద దాటేవారు. నిన్ కియు రేవుకు దగ్గరలో ఒక కుటుంబం నడిపే చిన్న బసలో దిగాము. మంచాలు గట్టివి, వేడినీళ్ళు అంతంతమాత్రం, కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంటావిడ లేచి చేపల సాసు వేయకుండా బియ్యపు సేమ్యా వేయించి పొట్లం కట్టి ఇచ్చింది. మేము అడగను కూడా అడగలేదు.

ఐదింటికి, మాకు మాత్రమే మాట్లాడుకున్న పడవకు 5 లక్షల డాంగులు. ఆరు కిలోమీటర్ల దూరంలోని కాయ్ రాంగ్ తేలియాడే సంతకు చీకట్లో బయలుదేరి, తెల్లవారేసరికి చేరాము. రోడ్లు బాగుపడ్డాక పడవలు తగ్గిపోయాయని నడిపే ఆవిడ చెప్పింది. ఫొటోల్లో చూసిన కిక్కిరిసిన సంతను ఆశించి వెళ్ళకూడదు. ముందు భాగాన కళ్ళు గీసిన పెద్ద పడవల్లో గుమ్మడికాయలు, అనాసలు, చిలగడదుంపలు. ఏది అమ్ముతారో దాన్ని పొడవాటి వెదురు గడకు కట్టి పైకి ఎత్తుతారు. మా అబ్బాయి వాటిని చదువుకుంటూ వచ్చాడు. అనాస కొని, నేను 20 వేలు అనుకుని 5 లక్షల నోటు ఇస్తే, అమ్మే ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించి, నవ్వి, నా చేతిలోనే తిరిగి పెట్టింది.

తిరుగుదారిలో ఒక పడవ గడకు కాయా పండూ కాక, ఎండిన ఆకు ఒక్కటే వేలాడుతోంది. ఆకు కడితే పడవనే అమ్మకానికి పెట్టినట్టు. సంగతి తెలిశాక అత్తగారు ఎంతకిస్తారో కనుక్కోమని మా వారిని పోరుతూనే ఉన్నారు, రేవు వచ్చేదాకా.